పన్నెండు చాపలు

నతానియేలు అయ్యగారిని ఏదైనా ప్రశ్న అడిగితే ముందు కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటారు. ఒక్కసారి తుడిచి పెట్టుకుంటే జవాబు చిన్నదని, అద్దాలు వెలుతురుకి ఎత్తి చూసి మళ్ళీ తుడిస్తే కథ వస్తుందని మేం కనిపెట్టాం. ఆ రోజు మూడుసార్లు తుడిచారు. మేమంతా కాళ్ళు ముడుచుకుని సర్దుకు కూర్చున్నాం.

అడిగినవాడు జెకర్యా. గోదావరి కాలువ గట్టు మీద అయ్యగారు నడిపే చిన్న బైబిలు పాఠశాలలో మేం తొమ్మిదిమందిమి, అందరం ఉద్యోగాలూ సంసారాలూ చూసినవాళ్ళమే. మాలో జెకర్యా మొనగాడు. నలభై ఏళ్ళవాడు, మంచి గొంతు, అంతకంటే మంచి దస్తూరి. సంఘం అతన్ని విదేశీ పరిచర్యకి ఎంపిక చేసింది, ప్రయాణం ఇంకో పదిరోజుల్లో ఉంది. అట్టవేసిన పుస్తకంలో ముప్పై ప్రసంగాలు రాసి సిద్ధం చేసుకున్నాడు. వాటిలో కొన్ని మా మీద ప్రయోగించి చూశాడు కూడా, మేం ఓర్చుకున్నాం. ఈ ముప్పైలో అక్కడ మొదట ఏది చెప్పమంటారని అతని ప్రశ్న. కొత్త మనుషుల దగ్గర మొదటి మాట తప్పితే మళ్ళీ తన మాట ఎవరు వింటారని కూడా అడిగాడు. పాపం, నిజంగానే భయపడుతున్నాడు.

అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని అన్నారు: "మా అక్కా బావా దీవిలో చేసిన మొదటి ప్రసంగం రెండు ముక్కలే. చేశామన్న సంగతి కూడా వాళ్ళకి తెలీదు."

ఆ తర్వాత ఆయన చెప్పింది ఇది. అక్కగారి పేరు సలోమి, ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. బావగారు గిద్యోను, కాలువ లాకుల దగ్గర ముప్పై నాలుగేళ్ళు తలుపులెత్తి దించిన మనిషి. ఇద్దరికీ అరవై దాటాక, పెద్ద వయసు దంపతులు ఎవరైనా ఏడాదిన్నర విదేశంలో పరిచర్య చేస్తారా అని సంఘం అడిగితే, ఊళ్ళో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా సలోమి చెయ్యెత్తేశారట. గిద్యోను అప్పుడు పక్కనే కునుకు తీస్తున్నారు. మెలకువ వచ్చేసరికి ఆయన పేరు కూడా రాసేశారు. ఇక ఆయన ఉత్సాహం పట్టనలవి కాలేదు. విమానం చూడని మనిషి మూడు విమానాలు, ఒక లాంచీ మారి, పెద్ద సముద్రం నడుమ ఒక కొండ దీవిలో దిగారు. ఒడ్డున ప్రార్థన మందిరం, దాని పక్కన వీళ్ళకి రెండు గదుల ఇల్లు, ఇవతల బడి. కొండవాలు మీద ఒకటే బాట, బాట పొడుగునా పన్నెండు ఇళ్ళు. నెలకి ఒక్కసారి వచ్చే లాంచీ తప్ప బయటి లోకంతో మరో సంబంధం లేదు.

బడిలో చెప్పే తేమా అనే ఆవిడకి ఇంగ్లీషు వచ్చు. భారీ మనిషి, కొండెక్కే ఓపిక లేనిది. సలోమి ఆవిడ దగ్గర కూర్చుని దీవి భాష నాలుగు ముక్కలు నేర్చుకున్నారు. నమస్కారం ఎలా చెప్పాలి, నీళ్ళు ఎలా అడగాలి, అన్నీ అయ్యాక, ఒకరింటి నుంచి బయల్దేరేటప్పుడు ఏమంటారని అడిగారు. 'వెళ్తున్నాను' అంటాం, అంతే, అంది తేమా. సలోమికి ప్రాణం ఒప్పలేదు. ఇంత అన్నం పెట్టినవాళ్ళ గుమ్మంలో నిలబడి వెళ్తున్నామనడమా? మన ఇళ్ళల్లో ఆ మాటంటే పెద్దవాళ్ళు నోటి మీద కొడతారు. 'వెళ్ళొస్తాను' అనాలి, ఏ పిల్లకి చెప్పినా అదే చెబుతాం. అందుకని తేమాకి ఏమీ చెప్పకుండా, వాళ్ళ భాషలో 'వెళ్ళడం' ఏమిటో, 'రావడం' ఏమిటో విడివిడిగా అడిగి తెలుసుకుని, రెండూ కలిపి తనే ఒక మాట కుట్టుకున్నారు. భర్తకీ నేర్పించారు. తెలియని భాషలో మర్యాద తప్పలేదని ఇద్దరికీ ఎంతో గర్వంగా ఉంది.

మొదటి వారంలోనే కొండెక్కి పన్నెండు ఇళ్ళూ చూసి వచ్చారు. ప్రతి ఇంట్లోనూ కొబ్బరినీళ్ళు, ఉడకబెట్టిన దుంపలు, నవ్వులు. ప్రతి గుమ్మంలోనూ ఇద్దరూ చేతులు జోడించి, "వెళ్తాం, వస్తాం" అని వాళ్ళ భాషలో చెప్పారు. ఆ మాట విన్న ప్రతి ఇంటివాళ్ళూ చేస్తున్న పని ఆపి, ఎంతో ఆప్యాయంగా తలూపారట. మాట ఎంత బాగా అతికిందో చూశావా అని గిద్యోను దిగివస్తూ దారంతా మురిసిపోయారు.

చివరి ఇల్లు హెనో అనే ముసలి జాలరిది. కాలి బొటనవేలి మీద పుండు పడింది. సలోమి అది కడిగి కట్టు కట్టి, షుగరు ఉందేమోనని అనుమానపడి, వచ్చే లాంచీలో పెద్ద దీవి ఆసుపత్రికి తప్పకుండా వెళ్ళాలని వచ్చిన ముక్కలతో, సైగలతో చెప్పారు. సరేనన్నాడు. ఇక్కడా చేతులు జోడించి ఆ మాటే అన్నారు. తర్వాత వానలు పట్టుకున్నాయి, బాట జారుడైపోయింది. హెనో కోడలు రెండు రోజులకోసారి దిగివచ్చి కట్టుగుడ్డలు తీసుకెళ్ళేది. మిగతా ఇళ్ళకి కూడా మళ్ళీ వెళ్ళలేదు. మనం ఒకసారి వెళ్ళాం కదా, ఇక వాళ్ళే మందిరానికి వస్తార్లే అనుకున్నారు.

వాళ్ళు రాలేదు. మొదటి ఆదివారం నలభైమంది వచ్చారు, రెండో ఆదివారం పదిహేనుమంది, మూడో ఆదివారం నలుగురు. గిద్యోను తన ప్రసంగమే దోషమనుకుని సగానికి తగ్గించారు. ఆ కబురు ఉత్తరంలో చదివి మా ఊరి సంఘం చాలా సంతోషించిందని అయ్యగారు నవ్వకుండా చెప్పారు. అదే ఉత్తరంలో సలోమి మరో సంగతి రాశారు: ఈ జనం ఎంత శుభ్రమైనవాళ్ళంటే, కింద నుంచి చూస్తే కొండ మీద ప్రతి అరుగునా ఒక కొత్త చాప ఆరేసి ఉంటుంది, వానలో కూడా తియ్యరు. వానలో చాప ఎవరు ఆరేస్తారని ఆవిడకి తట్టలేదు. రాతల్లో ధైర్యంగానే ఉన్నా, మనం వచ్చి వీళ్ళకేం ఒరగబెట్టాం, తిరిగి వెళ్ళిపోదామా అని ఇద్దరూ లోలోపల కుమిలిపోతున్నారు. ఆ మధ్యలోనే, లాంచీ రేపనగా, హెనో కోడలు వచ్చి వేలు నల్లబడిందని చెప్పింది. ఈ లాంచీ తప్పితే ఇంకో నెల ఆగాలి. ఆ నెలలో కాలు పోతుంది, ప్రాణమే పోవచ్చు. సలోమి ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, ఆవిడకి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

లాంచీ వచ్చిన పొద్దున్న దంపతులిద్దరూ అందరికంటే ముందు రేవులో ఉన్నారు. బియ్యం బస్తాలు దిగుతున్నాయి. గంటన్నరలో ఆటు వచ్చి రేవులో నీళ్ళు తీస్తాయి, ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగనని లాంచీ నడిపే సరంగు ముందే చెప్పేశాడు. హెనో కోడలు కట్టుగుడ్డల కోసం వచ్చింది, హెనో రాలేదు. ఏమైందని సలోమి ఎంత అడిగినా ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది. తేమా కలగజేసుకుని గట్టిగా నిలదీస్తే నెమ్మదిగా చెప్పింది:

"మామ దీవి దాటకూడదు. మా అరుగు మీద చాప ఉంది."

ఎవరి చాప అని తేమా అడిగింది. కోడలు జవాబు చెప్పకుండా, దంపతులవైపు చూడకుండా ఉండటానికి నానాయాతన పడింది. కొండ మీద చాపలన్నీ ఎవరి కోసమో అప్పుడు తేమాకి వెలిగింది. మీరు ఇళ్ళ నుంచి బయల్దేరేటప్పుడు ఏమంటున్నారని సలోమిని అడిగింది. సలోమి, ఆ కంగారులో కూడా కాస్త గర్వంగానే, ఆ మాట చెప్పారు. తేమా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని బియ్యం బస్తా మీద కూలబడింది.

ఆ దీవిలో 'వస్తాను' అని ఎవరూ అనరట. సముద్రం మీదికి పోయేవాళ్ళ ఊరు అది, ఎవరు తిరిగొస్తారో ఎవరికి తెలుసు? కట్టుకున్న పెళ్ళాంతో కూడా 'వెళ్తున్నాను' అనే చెప్పి పోతారు. ఎవరైనా నోరు తెరిచి 'వస్తాను' అన్నారంటే అది ప్రమాణం. ఆ మాట అందుకున్న ఇల్లు అరుగు మీద కొత్త చాప పరిచి, గాలికి ఎగరకుండా ఒక నున్నటి రాయి పెట్టి ఎదురుచూస్తుంది. అన్నవాళ్ళు వచ్చి కూర్చునేదాకా ఆ ఇంటి పెద్ద దీవి దాటడు. రాలేదేమని గుర్తు చేయకూడదు, మందిరానికి పోయి వాళ్ళ ఎదురుగా కూర్చున్నా గుర్తు చేసినట్టే, గుర్తు చేస్తే అబద్ధాలకోరు అన్నట్టే. నెల రోజులుగా పన్నెండు ఇళ్ళు నోరు విప్పకుండా వీళ్ళ కోసం కాచుకుని ఉన్నాయి. వీళ్ళేమో కింద మందిరంలో కూర్చుని, జనం రావడంలేదని బాధపడుతున్నారు.

సలోమి చెంగు నడుముకి బిగించి పదండన్నారు. తేమా చెయ్యి పట్టుకుని ఆపింది. మీ కోసం పరిచిన చాపని దాటి పోయి ఇంకో ఇంట్లో కూర్చుంటే, దాటిపోయిన ఇంటిని ఊళ్ళో తలెత్తుకోనివ్వనట్టే. హెనో ఇల్లు చిట్టచివరిది. అంటే, పన్నెండింట్లోనూ కూర్చోవాలి.

గిద్యోను రేవులో నీటిమట్టం చూశారు. లాకుల మనిషి కదా, నీళ్ళు ఎంతసేపు ఉంటాయో చూపుతోనే కట్టేస్తారు. గంటా పది నిమిషాలు, అన్నారు. మోకాళ్ళ నొప్పులని ఏడేళ్ళుగా నిలబడే ప్రార్థన చేస్తున్న మనిషి ఆయన. చెప్పులు విడిచి చేత పట్టుకుని ముందు నడిచారు.

మొదటి ఇంటి ఆడమనిషి వీళ్ళని చూసి చేతిలో చేట వదిలేసింది. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. ఆవిడ రాయి తీసి, కొబ్బరిచిప్పతో నీళ్ళిచ్చింది, ఒక్క గుక్క తాగి లేచారు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. నాలుగో ఇంట్లో ముసలావిడ వీళ్ళ మొహాలు తడిమి చూసి ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది కూడా, భాష రాకపోయినా తిట్లని తెలిసిపోయింది. గిద్యోనుకి లేవడమే కష్టం, లేచాక మళ్ళీ కూర్చోవడం అంతకంటే కష్టం. ఆరో ఇంట్లో మనిషి అలికిడి లేదు, చాప మాత్రం ఉంది. ఇక్కడ ఎవరూ లేరు కదా, పోదామా అన్నట్టు ఆయన భార్య వంక చూశారు. అప్పటికే లాంచీ ఒక కూత కూసింది.

"చాప ఉందిగా," అన్నారు సలోమి.

కూర్చున్నారు, ఖాళీ ఇంటికి నమస్కారం పెట్టి లేచారు. ఎనిమిదో ఇల్లు దాటేసరికి వెనక జనం. చాపలు చుట్టేసిన ఇళ్ళవాళ్ళంతా నవ్వుతూ, కేకలేస్తూ వెంటబడ్డారు. ఇద్దరు మొగాళ్ళు గిద్యోనుని చెరో రెక్కా పట్టుకుని, కూర్చోవలసిన చోట దించి, లేవవలసిన చోట ఎత్తుతున్నారు. ముప్పై నాలుగేళ్ళు నేను లాకు తలుపులెత్తి దించితే ఇవాళ వీళ్ళు నన్ను ఎత్తి దించుతున్నారని ఆయన రొప్పుతూనే అన్నారట. తొమ్మిది, పది, పదకొండు.

హెనో గుమ్మానికి ఆనుకుని, కాలు పీట మీద పెట్టుకుని ఉన్నాడు. నల్లబడిన వేలు సలోమికి దూరం నుంచే కనిపించింది, అయినా ముందు కాలి దగ్గరికి పోలేదు. భర్త పక్కన చాప మీద కూర్చున్నారు. హెనో వాళ్ళిద్దర్నీ తనివితీరా చూసుకుని, వంగి రాయి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. లాంచీ రెండో కూత కూసింది. గిద్యోనుని మోసుకొచ్చిన ఆ చేతులే హెనోని అదే చాప మీద పడుకోబెట్టి, నలుగురూ నాలుగు కొసలూ పట్టుకుని కొండ దిగాయి. రేవులో సరంగు గోల పెడుతున్నాడు. లాంచీ ఎక్కే బల్ల మీద తేమా గొడుగు వేసుకుని కూర్చుని ఉంది. ఆవిడ లేస్తేగాని బల్ల లాగడానికి లేదు, ఆవిడని లేపడం సరంగు తరం కాలేదు.

హెనోని ఎక్కించారు. బల్ల లాగబోతుండగా అతను సలోమిని దగ్గరికి పిలిచి, గుప్పిట్లో రాయి ఆవిడ అరచేతిలో పెట్టాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికి, ఎవరికీ ఎన్నడూ ఆ మాట ఇవ్వని మనిషి, ఆవిడ కుట్టుకున్న వంకరమాటనే, ఆవిడ పలికే వంకరతోనే పలికాడు.

"వెళ్తాను, వస్తాను."

సలోమి ఇంటికి వెళ్ళి ఉన్నవాటిలో మంచి చాప చూసి అరుగు మీద పరిచారు. దాని మీద ఆ రాయి పెట్టారు.

ఇక్కడ అయ్యగారు ఆగారు. జెకర్యా ఉండబట్టలేక అతను వచ్చాడా అని అడిగాడు. తర్వాతి లాంచీలో రాలేదని, ఆ నెలంతా అక్క రోజూ చాప దులిపి పరిచేదని, ఆ పై లాంచీలో రెండు వేళ్ళు తక్కువగా, చేతికర్రతో దిగి, తన ఇంటికి పోకుండా ముందు ఆ చాప మీదికే వచ్చాడని అయ్యగారు చెప్పారు. మాకందరికీ లేచి గంతులు వేయాలనిపించింది. వయసు అడ్డొచ్చి ఊరుకున్నాం.

ముప్పై ప్రసంగాల సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. జెకర్యా కాసేపు చూసి, పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

"వెళ్ళొస్తానండి, అయ్యగా..."

సగంలో నాలుక కరుచుకున్నాడు. మాలో ఒక్కరూ నవ్వలేదు. అయ్యగారు కళ్ళజోడు తీసి, ఒక్కసారి తుడిచి పెట్టుకున్నారు.

"చాప వెయ్యమంటావా?" అన్నారు.