అద్దె ఇంటికోసం కారులో తిరిగిన నూకరాజు

కాకినాడలో ఒక బట్టల కొట్టులో చీరలు అమ్మే నూకరాజుకి ఉన్నదానికంటే గొప్పగా కనపడాలనే జబ్బు ఉండేది. మనిషి మంచివాడే. ఆడవాళ్ళ ముందు వంద చీరలు పరిచి, వాళ్ళు ఒక్కటీ కొనకుండా లేచి వెళ్ళిపోయినా నవ్వుతూ మడతపెట్టుకునేవాడు. చీర మడతపెట్టడం ఎంత కష్టమో మీకు తెలియదు. నేనొకసారి ప్రయత్నించి మా ఇంట్లో చీవాట్లు తిన్నాను. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

నూకరాజు అద్దెకున్న ఇంటిని పడగొట్టి కొత్తది కట్టుకుంటామని ఇంటివాళ్ళు చెప్పారు. జ్యేష్ఠమాసం వెళ్ళేలోగా ఖాళీ చేయాలి. తరవాత వచ్చేది ఆషాఢం, కొత్త ఇంట్లో ఎవరూ చేరరు. ఈలోగా ఇల్లు దొరక్కపోతే భార్య మంగతాయారునీ, తొమ్మిదో తరగతి చదివే కూతురినీ తునిలో అత్తవారింటికి పంపించి, తను కొట్టు వెనక గదిలో పడుకోవాలి. పిల్ల బడి మారాలి.

"అద్దె ఏడువేలు దాటితే మనం మోయలేం," అంది మంగతాయారు.

"ఆ మాట ముందే అంటే మనల్ని గుమ్మం ఎక్కనివ్వరే. ముందు మనిషి దర్జాగా కనపడాలి," అన్నాడు నూకరాజు.

స్నేహితుడి కారు అడిగి తెచ్చుకున్నాడు. బావమరిది ఉంగరం పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్కన భార్యని కూర్చోబెట్టుకుని, టులెట్ బోర్డు కనపడిన చోటల్లా ఆగాడు. ఇంటివాళ్ళు ముందు కారుని చూసేవారు.

"కారుందిగా! పార్కింగుకి వేరే వెయ్యి అవుతుందండీ," అన్నాడు ఒకాయన.

"మీలాంటివారికి ఇదేం సరిపోతుందండీ? పై ఫ్లాటు చూడండి, పన్నెండువేలే," అన్నాడు ఇంకొకాయన.

"అద్దెదేముందండీ, గాలీ వెలుతురూ ముఖ్యం గానీ," అనేవాడు నూకరాజు. మూడు ఆదివారాలు ఇలాగే గడిచాయి. లేని కారుకి అద్దె అడిగించుకున్నవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే అయ్యుంటాడు.

అద్దె ఇళ్ళ సంగతి నాకూ తెలుసు. పదకొండు ఇళ్ళు మారాను. మా రోజుల్లో ఇల్లు అడగబోతే మన తాతముత్తాతల దాకా ఆరా తీసేవారు. అయితే ఒక ఇంటావిడ, మా పెద్దవాడికి జ్వరమొస్తే వారంరోజులు జావ కాచి పంపింది. ఇప్పటికీ ఆవిణ్ణి తలుచుకోకుండా నేను జావ తాగను. సరే, కథలోకి వద్దాం.

నాలుగో ఆదివారం, ముందుగా ఫోన్ చేసి, సుభద్రాయమ్మగారి ఫ్లాటు చూడ్డానికి వెళ్ళారు. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మోకాళ్ళ నొప్పులవల్ల తను కింది ఫ్లాటులో ఉంటూ, మూడో అంతస్తులోది అద్దెకిస్తోంది. లిఫ్టు లేదు. కానీ బాల్కనీలో నిలబడితే సముద్రం గాలి చల్లగా తగులుతోంది. కూతురి బడి నాలుగడుగుల దూరం. మంగతాయారు వంట గట్టు మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

కిందకి వచ్చాక సుభద్రాయమ్మ అంది: "అద్దె ఆరున్నరవేలు బాబూ. బయట ఎక్కువే పలుకుతుందట. నాకు పెన్షన్ చాలు. జీతంమీద నెట్టుకొచ్చేవాళ్ళకి ఇద్దామని నా ఉద్దేశం. మీరు కారున్నవాళ్ళు, మీకిదెందుకు లెండి?"

నోరు విప్పాల్సింది అప్పుడే. నూకరాజు మాత్రం కారు తాళం చేతిలో తిప్పుతూ, "అవునండీ, మాకూ కాస్త ఇరుకే," అనేశాడు.

బయటికొచ్చి కారు తలుపు తీశాడు. మంగతాయారు ఎక్కలేదు.

"కారు దొరికింది, ఇల్లే దొరకలేదు. ఇందులోనే కాపురం పెట్టేద్దాం. వెనక సీటు అమ్మాయికి. పొయ్యి ముందు సీట్లో పెట్టుకుంటాను," అంది.

"నెమ్మదిగా మాట్లాడవే, అందరూ వింటారు."

"విననీండి! విన్నవాళ్ళలో ఒకళ్ళైనా ఇల్లు చూపిస్తారు."

నూకరాజు కారు తలుపు మూసేశాడు. తరవాత ఉంగరం తీసి జేబులో వేసుకుని, వెనక్కి వెళ్ళి సుభద్రాయమ్మ తలుపు తట్టాడు.

"అమ్మా, ఆ కారు నాది కాదు. నేను బట్టల కొట్టులో సేల్స్‌మన్‌ని. ఏడువేలకి మించి ఇవ్వలేను. మీ ఇల్లు మాకు ఇరుకు కాదమ్మా," అన్నాడు.

సుభద్రాయమ్మ చేతిలో ఇంకా ఫోనుంది. "అయ్యో బాబూ! ఇప్పుడే ఇంకొకరికి మాటిచ్చేశానే. పొద్దున ఆటో నడిపే అబ్బాయి వచ్చాడు. తన సంపాదన ఇంతేనని గుమ్మంలోనే చెప్పాడు. మీరు ముందు ఫోన్ చేశారని అతన్ని ఆగమన్నాను. మీరు వద్దన్నాక అతన్ని రమ్మన్నాను. ఇచ్చిన మాట తిప్పుకోలేను."

నూకరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ తలుపు బార్లా తీసింది.

"మా వార్డులో ఇలాంటివాళ్ళు బోలెడుమంది వచ్చేవారయ్యా. నొప్పి ఎక్కడంటే, బాగానే ఉన్నానండీ అంటారు. బాగానే ఉన్నవాడికి మందేమిస్తాం? ఇప్పటికి చెప్పావుగా, కూర్చో. మీ ఆవిణ్ణి కూడా లోపలికి పిలువు," అంది.

తెలిసినవాళ్ళకి వరసగా ఫోన్లు చేసింది. "ముగ్గురే మనుషులు. ఆడపిల్ల చదువు. ఏడువేలకి మించి ఇవ్వలేరు," అని అందరికీ ఒకే మాట చెప్పింది. ఆ మాట విన్నందుకు ఎవరూ నూకరాజుని చిన్నచూపు చూడలేదు. నాలుగో ఫోన్లో, ఆవిడతో కలిసి పనిచేసిన ఒక నర్సు, "మా వెనక వాటా ఖాళీగానే ఉందక్కా, పంపించు," అంది.

ఆ వాటాలోకి సముద్రం గాలి రాదు. వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అయినా పిల్ల బడి మారలేదు, సంసారం రెండు ముక్కలు కాలేదు. ఆషాఢం రావడానికి ఇంకా రెండు రోజులుందనగా మంగతాయారు అక్కడ పాలు పొంగించింది. సుభద్రాయమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ, గిన్నెడు గడ్డపెరుగు తెచ్చింది. నూకరాజు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, "ఆ మూడో అంతస్తు గాలి నా నోటిమూలంగానే పోయిందమ్మా. ఈ ఇల్లు మాత్రం మీ చలవ," అన్నాడు. ఆ తరవాత అతను ఎవరి ముందూ లేని గొప్ప చెప్పుకోలేదు.

కష్టంలో ఉన్నప్పుడు లేని గొప్ప చూపిస్తే సాయం చేద్దామనుకున్నవాళ్ళు కూడా పక్కకి తప్పుకుంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటేనే మంచివాళ్ళ మంచితనం మనదాకా వస్తుంది.