తలపుల బండ మీద పంది బురద

ఇప్పలకోన అడవిలో జింకలు, అడవిపందులు, కొండముచ్చులు, నెమళ్ళు, అలుగులు ఉండేవి. అలుగంటే తెలుసు కదా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగాటి ముక్కు. చీమల్నీ చెదల్నీ తిని బతుకుతుంది. బెదిరితే ఉండలా చుట్టుకుంటుంది. తెలియనివాళ్ళు ఇప్పుడు తెలుసుకోండి. మళ్ళీ చెప్పను.

ఆ ఏడు ఎండలకు అడవిలోని ఊట ఎండిపోయింది. పిల్లవాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. జంతువులన్నీ నాలుకలు బయట పెట్టుకుని తిరుగుతున్నాయి.

అందరికంటే పెద్ద కష్టం చుక్కమ్మది. చుక్కమ్మ ఒక చుక్కల జింక. కొత్తగా ఈనింది. నీళ్ళు లేక దాని పొదుగులో పాలు ఇంకిపోయాయి. పిల్ల పొద కింద పడుకుని లేవడం లేదు. పొద్దు గూకేలోపు తల్లి కడుపులో నీళ్ళు పడకపోతే పిల్ల దక్కదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. బండ దగ్గర కూర్చుని మాట్లాడినవాళ్ళు అది మర్చిపోయారు.

ఆ అడవిలో ఏ పెద్ద విషయమైనా తలపుల బండ దగ్గరే తేల్చేవారు. బండకు పెద్ద కోరయ్య. కోరయ్య ఒక అడవిపంది. వాణ్ణి ఎవరు పెద్దను చేశారో ఎవరికీ తెలియదు. బండ ఎక్కి కూర్చున్నాడు, దిగలేదు, అంతే.

బండ దగ్గర నోరు విప్పాలంటే ఒక పద్ధతి ఉండేది. ముందు పక్కనున్న గుంటలో పొర్లి ఒళ్ళంతా బురద పట్టించుకోవాలి. జింక చుక్కలు కనపడకూడదు. అలుగు పొలుసులు కనపడకూడదు. ఎవరు ఏ జాతో తెలియకూడదు. "మా జింకలు", "మా కొండముచ్చులు" అనే మాట అసలే రాకూడదు.

"ఆలోచనకు తోలు ఉండదు" అనేవాడు కోరయ్య. "మీ తోలు బయట వదిలేసి రండి. అప్పుడే నిజం కనపడుతుంది."

వినడానికి బాగానే ఉంది. కాదనడానికి ఎవరికీ ఏమీ తోచలేదు. అడవంతా ఎండినా ఆ గుంటలో బురద మాత్రం ఉంది. ఎందుకుందో ఎవరూ అడగలేదు.

ఆ పొద్దున అందరూ బురద పూసుకుని బండ చుట్టూ కూర్చున్నారు. ఒక్క సింగారయ్య మాత్రం పూసుకోలేదు. సింగారయ్య నెమలి. "నా ఈకలకు బురదా?" అని కొమ్మ మీదే కూర్చుని తమాషా చూస్తున్నాడు.

కోరయ్య గొంతు సవరించుకున్నాడు.

"కింద ఎర్రమడుగులో నీళ్ళున్నాయి. విడివిడిగా పోతే దారిలో రేచుకుక్కలు పట్టుకుంటాయి. పోతే అందరం కలిసే పోవాలి. పోవాలా వద్దా అనేది ఇప్పుడు తేల్చాలి. దానికంటే ముందు అసలు ప్రశ్న తేలాలి. మంచి నీళ్ళంటే ఏమిటి?"

"తాగితే దాహం తీరేవి" అంది చుక్కమ్మ. "తొందరగా తేల్చు మామా, నా పిల్ల..."

"ఎవరి పిల్ల? ఇక్కడ పిల్లలు లేరు. తల్లులు లేరు. ఆలోచన ఒక్కటే ఉంది" అన్నాడు కోరయ్య.

తోకన్న అనే కొండముచ్చు చెయ్యెత్తింది. "చెట్టు మీద నుంచి చూస్తే అడుగు కనపడాలి. అవే మంచి నీళ్ళు. పొద్దున నేను చూస్తే ఎర్రమడుగు మీద తెల్లగా ఏవో ఆకులు..."

"చెట్టు ఎక్కేదెవరు? కొండముచ్చులు. చెట్టు మాట తీసేసి చెప్పు."

చెట్టు మాట తీసేస్తే తోకన్నకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. తల గోక్కుని కూర్చుంది.

అప్పుడు అలుగు అవ్వ లేచింది. ఆమె అడవిలో అందరికంటే పెద్దది. ఆమె మాట మాత్రం ఎప్పుడూ చిన్నదే. "నేను తెల్లారి ఎర్రమడుగు గట్టుకు పోయాను నాయనా. గట్టు మీద ఒక్క చీమ కూడా లేదు. నా ముక్కుకేమో..."

"ఎవరి ముక్కుకు?"

"నా ముక్కుకే. అలుగు ముక్కుకు."

"అలుగు ముక్కు అలుగులకు పనికొస్తుంది. అందరికీ పనికొచ్చే మాట ఏదైనా ఉంటే చెప్పవ్వా. లేకపోతే కూర్చో."

అవ్వ కూర్చుంది. కోరయ్య కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు మూసుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"అన్నీ పక్కన పెట్టి ఉత్త బుద్ధితో చూశాను. మంచి నీళ్ళు చిక్కగా ఉంటాయి. చల్లగా ఉంటాయి. కదలకుండా ఉంటాయి. ఎర్రమడుగు నీళ్ళు చిక్కగా, చల్లగా, కదలకుండా ఉన్నాయి. కాబట్టి పోదాం. పిల్లల్ని తెచ్చుకోండి."

బురద తలలన్నీ ఊగాయి. ఎందుకు ఊగాయని అడిగితే ఎవరూ చెప్పలేరు. పక్కవాడి తల ఊగింది, వీళ్ళ తలా ఊగింది.

చుక్కమ్మ పిల్ల కోసం పరుగెత్తింది. పొద కింద మూతి పెట్టి పిలిచింది. పిల్ల కళ్ళు తెరిచింది. వాసన చూసింది. లేవలేని పిల్ల ఎక్కడ సత్తువ తెచ్చుకుందో, నాలుగు కాళ్ళతో తన్నుకుంటూ ముళ్ళలోకి జరిగింది.

"ఏమే, నేనే. అమ్మను."

"నీవి అమ్మ కళ్ళే" అంది పిల్ల వణుకుతూ. "కానీ నువ్వు పందివి."

చుక్కమ్మ తన ఒళ్ళు తానే వాసన చూసుకుంది. నిజమే, అచ్చం పంది వాసన. పక్కన మద్దిచెట్టుకు ఒళ్ళేసి రుద్దింది. బురద ఎండి పట్టుకుంది. ఎంత రుద్దినా సగం చుక్కలే కనపడ్డాయి.

అదే దారిలో అలుగు అవ్వ వస్తోంది. మాటిమాటికీ చీదుకుంటోంది.

"అవ్వా, నా పిల్ల నన్ను గుర్తుపట్టలేదే!"

"నా ముక్కు నన్నే గుర్తుపట్టడం లేదమ్మా. తెల్లారి మడుగు దగ్గర చెడ్డ వాసన పట్టాను. బాగా గుర్తే. ఇప్పుడు ఏది వాసన చూసినా పందే. పట్టానా, పట్టాననుకున్నానా? వాడు చెప్పిందే నిజమేమో. నాకేం తెలియడం లేదు."

చుక్కమ్మకు కూడా తెలియడం లేదు. పొద్దున బండ దగ్గర "చిక్కటి నీళ్ళే మంచివి" అంటే తానూ తలూపింది. పుట్టినప్పటినుంచీ అది తేట నీళ్ళే తాగింది. మరి తల ఎందుకూపింది?

"అవ్వా, ఆ బురదలో రోజూ పొర్లేదెవరు?"

"ఇంకెవరు? కోరయ్య, వాడి గుంపు. అది వాళ్ళ గుంటే కదా. ఇంత ఎండలో కూడా తొక్కి తొక్కి తడి పోకుండా వాళ్ళే కాపాడుకున్నారు."

"మరి పొద్దున వాడు ఏం పూసుకున్నాడు?"

అవ్వ పొడుగు ముక్కు కిందికి దించి ఆలోచించింది. "వాడు కొత్తగా పూసుకునేదేముంది? వాడు ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తోలు వదిలింది వీళ్ళందరూ. వాడొక్కడూ తన తోలుతోనే కూర్చున్నాడు. వీళ్ళు వదిలి ఎక్కడికి పోయారు? పోయి పోయి వాడి తోలులోకే దూరారు.

చుక్కమ్మ బండ దగ్గరికి తిరిగి వచ్చి ఇదంతా చెప్పేసింది.

కోరయ్య వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "బురద బురదే! దానికి జాతేమిటి?"

"నీకు వాసన తెలియదు మామా. నీ ఒంటిదే కాబట్టి."

"నా బుద్ధిలో పంది లేదు! నేనే ముందు పోయి తాగి చూపిస్తాను. నిజం ఒక్కటే అని అప్పుడు ఒప్పుకుంటారు" అని కోరయ్య విసవిసా మడుగు దారి పట్టాడు.

కొమ్మ మీద సింగారయ్య పకపకా నవ్వాడు. "చూశారా! ఎవరి ఆలోచన వాళ్ళది. నెమలికి నెమలి నిజం, జింకకు జింక నిజం. ఒకరిని ఒకరు అడగడమేమిటి? నేను మా కొండ మీది రాతిదొనకు పోతాను. మా తాతలు తాగిన నీళ్ళవి. మీరు ఏదైనా అడిగినా నాకు వినపడదు."

"ఈ ఎండలో దొనలో నీళ్ళుంటాయా?" అంది తోకన్న.

"నువ్వు నెమలివా, అడగడానికి?" అని వాడు ఎగిరిపోయాడు.

ఎవరి ఆలోచన వాళ్ళదన్న ఆ మాట కూడా వినడానికి బాగానే ఉంది. అదీ తమాషా. జంతువులన్నీ ఇక ఒకటే గోల. "మా మాటే మాది!" "మా నీళ్ళు మావి!" ఎవరూ ఎవరి మాటా వినడం లేదు. పొద్దున అందరూ ఒకటే అన్నారు, తప్పుదారి పట్టారు. ఇప్పుడు తలా ఒకటి అంటున్నారు, ఏ దారీ పట్టలేదు. పొద్దు వాలుతోంది.

చుక్కమ్మకు ఏడుపొచ్చింది. అది అలుగు అవ్వ ముందు మోకరిల్లింది. "అవ్వా, తెల్లారి నువ్వు చెప్పబోయిన మాట చెప్పు. అలుగుగానే చెప్పు."

"అలుగుగా చెప్తున్నాను. ఎర్రమడుగు గట్టు వదిలి చీమలు గుడ్లతో సహా వెళ్ళిపోయాయి. నీళ్ళ దగ్గర చేదు వాసన. అయితే నేను అలుగును. చీమలు లేని చోటు నాకు ఎప్పుడూ చెడ్డదిగానే తోస్తుంది. నా మాట ఒక్కటే నమ్మకండి."

"ఆ ఆకులు..." అని తోకన్న ఆగిపోయింది. "పొద్దున మడుగు మీద తెల్లగా ఆకులు తేలుతున్నాయన్నాను కదా. పైనుంచి ఆకుల్లా ఉన్నాయి. ఈ కాలంలో తెల్లటి ఆకులెక్కడివి?"

"చేపలు" అంది చుక్కమ్మ మెల్లగా. "పొట్టలు పైకి పెట్టి తేలుతుంటే తెల్లగానే కనపడతాయి. నిన్న ఆ దారిలో మనుషుల అడుగులు చూశాను. పక్కన చెట్టు బెరడు దంచిన పిప్పి పడి ఉంది. జింకను కదా, మనుషుల అడుగు కనపడితే పరుగే. ఎందుకు దంచారో ఆగి చూడలేదు."

చేపలు పట్టడానికి ఎవరో మడుగులో విషపు బెరడు కలిపారు. అవ్వ ఒక్కతికీ అది తెలియలేదు. తోకన్నకూ తెలియలేదు, చుక్కమ్మకూ తెలియలేదు. ముగ్గురి మాటా ఒక చోట పెట్టేసరికి తెలిసింది.

"మరి చీమలు ఎటు పోయాయి?" అని అడిగింది తోకన్న.

అవ్వ మూతి ఇసుకలో పొడిచి పొడిచి బురద వదిలించుకుంది. గట్టిగా చీదింది. గాలి పీల్చింది. పిల్లవాగు వైపు నడిచింది. వాగు వంపులో నేరేడు వేళ్ళ పక్కన చీమలు బారులు తీరి ఇసుకలోకి దిగుతున్నాయి.

"ఇక్కడ కింద చెమ్మ ఉంది" అని అవ్వ గోళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. తవ్విన కొద్దీ ఇసుక జారి పూడుతోంది. ఆమె ఒక్కతి వల్ల అయ్యే పని కాదు.

అప్పుడు కోరయ్య గుంపులోని ఆడపందులు ముందుకొచ్చాయి. వాటిని బండ దగ్గర ఎప్పుడూ ఎవరూ ఏదీ అడగలేదు. పందుల మాటంతా కోరయ్యే మాట్లాడేవాడు కదా.

"జరుగవ్వా" అంది ఒక ముసలి ఆడపంది. "మూతి ఉన్నది ఎందుకు?"

పదిమంది మూతులు పెట్టి దున్నేసరికి పెద్ద చెలమ పడింది. అడుగున ఇసుక తడిసింది. నల్లబడింది. నీరు ఊరింది. మొదట చిక్కగా, ఎర్రగా ఊరింది. పందులు గబగబా తాగాయి. తర్వాత మెల్లగా తేరుకుంది. తేట నీళ్ళు చుక్కమ్మ తాగింది. తాగి ఆ చెమ్మ ఇసుకలోనే దొర్లి బురదంతా రాల్చుకుంది. చుక్కలన్నీ బయటపడ్డాయి.

పొద కిందికి పోయి పిల్లకు ఒళ్ళు చూపించింది. పిల్ల వాసన చూసింది. మళ్ళీ చూసింది. అప్పుడు మెడ చాచి పొదుగు అందుకుంది. అప్పటికి పొద్దు కొండ మీద ఇంకా ఉంది.

సింగారయ్య కొండ దిగి వచ్చాడు. తాతలు తాగింది వానాకాలంలో. ఇప్పుడు దొనలో కాలిన రాయే ఉంది. కాళ్ళు బొబ్బలెక్కి, తోక ఈకలు సగం ముళ్ళకు వదిలి, అడగకుండానే చెలమ దగ్గరికి చేరాడు. కోరయ్య చీకటి పడేముందు కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. నోట్లో నురగ. ప్రాణం పోలేదు, గొంతు పోయింది. అందరూ తాగాక మిగిలింది తాగాడు. తర్వాత తల ఎత్తి "ఆలోచనకు తోలు..." అనబోయాడు. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. వాడి గొంతు మళ్ళీ రాలేదు. నాకు జాలి లేదు.

ఆ రోజు నుంచి జంతువులు బండ దగ్గర కూర్చోవడం మానేశాయి. చెలమ చుట్టూ కూర్చుంటున్నాయి. అలుగు అవ్వ మాట్లాడాలంటే అందరూ ఆగుతారు. ఆమె తిన్నన్ని చీమలు కూడా అక్కడే దొరుకుతున్నాయి.

కొన్నాళ్ళకు చుక్కమ్మ అడిగింది. "అవ్వా, నాకు ఇంకా తికమకగానే ఉంది. తేట నీళ్ళే మంచివని నాకు అనిపిస్తుంది. అది నిజమా? నేను జింకను కాబట్టి అలా అనిపిస్తోందా?"

"రెండూ కావచ్చు. నాకు తెలియదమ్మా" అంది అవ్వ. "అదిగో, ఆ పంది తాగుతోంది. పోయి అడుగు. నువ్వు జింకవని చెప్పి మరీ అడుగు."

చుక్కమ్మ లేచి వెళ్ళింది.

నీతి: ఆలోచించేటప్పుడు నీ తోలు దాచుకోకు, ఎక్కడ నిలబడి చూశావో చెప్పు, చెప్పాక, నీ జాతి కానివాళ్ళను కూడా ఆ మాట వాసన చూడనివ్వు.