చెయ్యి నెమ్మదించిన చోట

గవర్రాజుకి మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. తను కెమెరా తిప్పిన మొదటి బొమ్మ రాజమండ్రి డేరాలో ఆడుతోంది. జనం విరగబడి వస్తున్నారు. వచ్చి, ఏడవాల్సిన చోట పడీపడీ నవ్వుతున్నారు.

బొమ్మలకింకా మాటలు రాని రోజులవి. కెమెరా పక్కన హేండిలుండేది. సెకనుకి రెండు చుట్లు. ఎదురుగా ఇల్లు కాలిపోతున్నా రెండే చుట్లు. దస్తగిరి ఉస్తాదు పదిహేనేళ్ళు అలాగే తిప్పాడు. ఈ మధ్య ఆయన చేతికి వణుకొచ్చింది. అందుకని, ఉన్నదంతా ఊడ్చి తీసుకుంటున్న సొంత బొమ్మకి హేండిలు తీసుకెళ్ళి శిష్యుడి చేతిలో పెట్టాడు.

అందులో కొడుకు పోయిన తల్లి వేషం భ్రమరాంబది. నాటకాల మనిషి. కిందటి వేసవిలో ఆవిడ సొంత కొడుకు కలరాకి పోయాడు. సీనులో పడుకోబెట్టింది ఉత్త గుడ్డబొమ్మని. ఆవిడ దానికి తన పిల్లాడి చొక్కా తెచ్చి తొడిగింది. తెమ్మని ఎవరూ అడగలేదు. ఒక్కో బొత్తామూ పెడుతూ, పెట్టింది మళ్ళీ విప్పి పెడుతూ ఏడ్చింది. అద్దాలు పట్టుకుని ఎండ మళ్ళించే కూలీలు కూడా మొహాలు తిప్పుకున్నారు. గవర్రాజుకి కళ్ళు మసకలు కమ్మేశాయి. చెయ్యెప్పుడు నెమ్మదించిందో వాడికే తెలీదు.

కెమెరా తిప్పే చెయ్యి నెమ్మదిస్తే తెర మీద మనిషి పరిగెడతాడు. డేరాలో భ్రమరాంబ వేళ్ళు చొక్కా మీద టకటకా గెంతాయి. తల కోడిపెట్టలా ఎగిరెగిరి పడింది.

"పిల్లాడికి పేలు చూస్తోందిరోయ్" అన్నాడు నేల మీద కూచున్నోడొకడు.

"తొందరగా కానియ్యమ్మా, అవతల రైలెళ్ళిపోద్ది" అన్నాడు ఇంకోడు.

ఆడవాళ్ళ వైపు బెంచీలో ఉన్న భ్రమరాంబ లేచింది. చెంగు తల మీదకి లాక్కుని, ఎవరి కాళ్ళూ తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ బయటికెళ్ళిపోయింది. మర్నాటికల్లా డేరా ఓనరు బయట బోర్డు మార్పించాడు. 'కడుపుబ్బ నవ్వించు చిత్రము' అని.

మూడో రోజు పొద్దున గవర్రాజు ఉస్తాదు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. ఆయన లెన్సు తుడుచుకుంటున్నాడు.

"నా తప్పేంటో చెప్పండి. ఆవిడ్ని చూసి నేనూ ఏడ్చాను. గుండె ఉన్నోడెవడికైనా చెయ్యాడుద్దా? మీరైతే ఏడవరు. మీరు రాయి."

ఉస్తాదు లెన్సుని వెలుగులో పెట్టి చూసుకున్నాడు. "అయ్యిందా?"

"అయ్యింది."

"డేరాకి పోయి ఆ రీలు పట్రా. వచ్చేటప్పుడు భ్రమరాంబమ్మని నేను రమ్మన్నానని చెప్పు."

"ఆవిడ మొహం నేను చూడలేను ఉస్తాద్."

"ఆ రోజూ చూళ్ళేదుగా. పో."

ఫిల్ము కడిగే గదిలో తలుపులేసి, సున్నం కొట్టిన గోడకెదురుగా బొమ్మ వేసే మిషను పెట్టించాడు. దానికీ హేండిలే. భ్రమరాంబ వచ్చి పీట మీద కూచుంది. ఎందుకని అడగలేదు. గవర్రాజు వైపు చూడనూ లేదు.

"తిప్పు" అన్నాడు ఉస్తాదు. "ఆ రోజు నీ చెయ్యెలా నడిచిందో అలా. చెయ్యి నెమ్మదించిన చోట, అంతే నెమ్మదిగా."

గవర్రాజు ఆయన చెవి దగ్గరికొంగాడు. "అంత నెమ్మదిగా తిప్పితే దీపం వేడికి ఫిల్ము నిలవదు. అంటుకుంటుంది. మనకి రెండో కాపీ లేదు."

"నీకు నేర్పింది నేనేరా. తిప్పు."

మొదలెట్టాడు. గోడ మీద భ్రమరాంబ గెంతింది. చెయ్యి తగ్గించాడు, ఇంకా గెంతుతోంది. ఇంకాస్త తగ్గించాడు. గెంతడం ఆగింది. ఆవిడ వేళ్ళు చొక్కా మీద కదిలాయి. ఒక బొత్తాం పెట్టింది. దాన్ని చూసింది. విప్పింది. మళ్ళీ పెట్టింది.

గవర్రాజు గోడ మీంచి కన్ను తియ్యలేదు. తీస్తే చెయ్యి తప్పుద్ది. ఆ రోజు మసకలో పోయిందంతా ఇప్పుడు కనిపిస్తోంది. మూడో బొత్తాం దగ్గర ఆవిడ పెదవి ముడుచుకోవడం. చొక్కా అంచు పట్టుకుని కాస్త కిందికి లాగడం, పిల్లాడు పెరిగాడు, చొక్కా పొట్టయిందన్నట్టు. ఇదేదీ వాడప్పుడు చూళ్ళేదు. తన ఏడుపే చూసుకున్నాడు.

కాలిన వాసనొచ్చింది. చెయ్యి తనంతట తనే జోరందుకోబోయింది. ఉస్తాదు వణికే చేత్తో వాడి మణికట్టు పట్టుకున్నాడు. అంతే నెమ్మదిగా ఉంచాడు.

పీట మీద భ్రమరాంబ ముందుకి వంగింది. గోడ మీద ఆవిడ ఆఖరి బొత్తాం పెట్టి, అరచెయ్యి దాని మీద ఆనించింది. ఆ చేతి మధ్యలో గోధుమరంగు మచ్చ ఒకటి లేచింది. పాకింది. చెయ్యీ, చొక్కా, గోడా అంతా మాడి తెల్లబడిపోయింది. ఉస్తాదు బకెట్లో ఇసక తీసి మిషను మీద కుమ్మరించాడు.

గది నిండా పొగ కమ్మింది.

భ్రమరాంబ లేచింది. "అలాగే చేశానండీ సాయిబుగారూ ఆ రోజు" అంది. "వాళ్ళు నవ్వితే, నాకే మతి పోయిందేమో అనుకున్నాను."

"అలాగే చేశావమ్మా."

తలుపు దగ్గర ఆగి గవర్రాజుని చూసింది. "నువ్వేగా బాబూ తిప్పింది. అందరికంటే నువ్వే ఎక్కువ ఏడ్చావు."

వెళ్ళిపోయింది.

గవర్రాజు హేండిలు వదల్లేదు. రీలు లేని మిషనుని, ఆగిపోయిన మిషనుని అలా పట్టుకునే నిలబడ్డాడు. సాయంత్రం ఆటకి ఇంక బొమ్మ లేదు. ఉస్తాదుకి ఈ జన్మలో మరో బొమ్మ తీసే దారీ లేదు. అది వాడికి ఇప్పుడు తట్టింది.

ఉస్తాదు వచ్చి, హేండిలు మీద బిగుసుకున్న వాడి వేళ్ళని ఒక్కొక్కటే విడదీశాడు.

"ఇప్పుడేడువు" అన్నాడు. "చేతిలో హేండిలు లేదు."