గున్నమ్మ పిలుపు

కొండకి ఇవతల, ఏటికి అవతల, ఎప్పుడో ఒకప్పుడు ఒక పిల్లల ఆసుపత్రి ఉండేదట. అందులో నేల తుడిచే ఆయా పేరు గున్నమ్మ. చదువు లేదు. ఆమెని ఏ సంగతీ ఎవరూ అడిగేవారు కాదు.

అక్కడి డాక్టరుగారిది మంచి హస్తవాసి. చీలిన పెదవులు కలిపేవారు, వంకర కాళ్లు సరిచేసేవారు. కానీ మత్తు దిగేటప్పుడు పిల్లలు కెవ్వుమని లేచేవారు. తెలియని గది, తెలియని మొహాలు. నర్సులు కాళ్లూ చేతులూ పట్టుకునేవారు. పట్టుకున్నకొద్దీ పిల్లలు ఇంకా తన్నుకునేవారు. ఒకరోజు ఒక పసివాడు పెదవి కుట్లు తెంపుకున్నాడు. మళ్లీ మత్తిచ్చి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

బయట వాడి తల్లి కుమిలిపోతోంది. గున్నమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, బాబుని ఇంట్లో ఏమని పిలుస్తావు?"

"బుజ్జులు అంటాం."

"పొద్దున్నే ఎలా లేపుతావు?"

"వీపు రాస్తానమ్మా."

గున్నమ్మ చేతులు కడుక్కుని లోపలికెళ్లింది. నర్సమ్మ కసిరింది. అయినా కదల్లేదు. వాడు కళ్లు తెరవకముందే వీపు రాస్తూ చెవిలో చెప్పింది. "బుజ్జులూ, అయిపోయింది నాన్నా. నొప్పి ఉంటుంది, తగ్గిపోతుంది. అమ్మ తలుపు దగ్గరే ఉంది."

వాడు కళ్లు తెరిచాడు. వెక్కాడు. కెవ్వుమనలేదు.

మర్నాడు కాలు ఆపరేషనైన పాప. "చిట్టెమ్మా, అయిపోయింది. అమ్మ తలుపు దగ్గరే ఉంది." ఆ పాపా కెవ్వుమనలేదు.

మూడో పిల్ల నూకాలుకి పుట్టుచెవుడు.

"ఇప్పుడేం చేస్తావు గున్నమ్మా?" అన్నారు డాక్టరుగారు.

గున్నమ్మ గబగబా బయటికెళ్లి, నూకాలు తల్లిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. తల్లుల్ని ఆ గదిలోకి రానివ్వని రోజులవి.

"నన్ను పనిలోంచి తీసెయ్యండి బాబూ. ఈ తల్లిని మాత్రం పంపెయ్యకండి."

డాక్టరుగారు తనే స్టూలు లాగి ఆ తల్లికి వేశారు. నూకాలు కళ్లు తెరిస్తే ఎదురుగా అమ్మ మొహం. చెయ్యి చాపి అమ్మ ముక్కుపుడక పట్టుకుందట, అంతే.

గున్నమ్మ చాలా ఏళ్లకు పోయింది. ఆ రోజున కూడా ఇద్దరు పిల్లలకు మత్తు దిగాల్సి ఉంది. డాక్టరుగారు కళ్లు తుడుచుకుని, తనే వెళ్లి వాళ్ల ముద్దుపేర్లు అడిగి వచ్చారట.

ఇప్పటికీ అక్కడ మత్తు దిగే వేళకి తల్లిని లోపలికి పిలుస్తారు. ఎవరూ లేని పిల్లలూ ఉంటారు కదా? వాళ్ల పక్కన ఆ రోజు నేల తుడిచే మనిషి కూర్చుంటుంది. ఎంత పెద్ద డాక్టరు వచ్చినా లేవదు.

"గున్నమ్మ కూర్చుంది" అని గుసగుసగా చెప్పుకుని, డాక్టర్లే అడుగులో అడుగేసుకుంటూ వెళ్తారట.