కాటా కింద బురద

అనగనగా వాన తెరిపివ్వని ఒక అడవి. ఆ అడవికి ఒక సింహం రాజు. ఆ రాజుగారికి ఒక మిల్లు యజమాని.

సరిగ్గానే విన్నారు పిల్లలూ. రాజుకే ఒక యజమాని. పేరు దుమ్ములగొండి దొర.

ఆ అడవిలో అన్నీ పామాయిల్ తోటలే. మొక్కలిచ్చేది మిల్లే, గెలలు కొనేదీ మిల్లే. కోసిన గెల ఒక రోజు దాటితే పులిసిపోతుంది కనుక ఇంకో చోటికి మోసుకుపోయే దారి లేదు. "దున్నేవాడిదే భూమి" అని దారి పొడవునా బండల మీద రాసి ఉండేది. రాయించిందీ మిల్లే.

మొక్కలిచ్చేటప్పుడు దొర ఒక షరతు పెట్టాడు. వానాకాలంలో మూడు కోతలు. వాటిలో ఒక్కటైనా వంద క్వింటాళ్లు తూగాలి. మూడూ తగ్గితే ఆ రైతు సోమరి, తోట మిల్లుది. అలా నాలుగేళ్లలో పన్నెండు కుటుంబాలు తోటలు పోగొట్టుకున్నాయి. జింకలు, కుందేళ్లు, అడవిపందులు ఆ మిల్లులోనే కూలికి చేరి, తాము నాటిన చెట్ల గెలలనే లారీల నుంచి దించేవి.

సింగారమ్మ అనే గేదెకు తోట ఇంకా మిగిలి ఉంది. ఇద్దరు దూడలను, ఆ చెట్లను కలిపి ఎనిమిదేళ్లు సాకింది. ఆ వానాకాలం మొదటి కోత కోసి, లారీకెత్తి మిల్లుకు తెచ్చింది.

మిల్లు గేటు దగ్గర లారీలను తూచే కాటా ఉండేది. నేలలో ఒక గుంట, గుంట మీద వెడల్పాటి ఇనుప పలక. పక్కన గాజు గదిలో ఎర్ర అంకెలు. ఆ గదిలో ధవళయ్య అనే కొంగ ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడేవాడు. లారీని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి, తేడా చెప్పేవాడు.

"ఎనభై ఎనిమిది," అన్నాడు ధవళయ్య.

"అదేంటయ్యా? నా చెట్లు నాకు తెలియవా? వందకు తగ్గవు."

"ఎండకు ఆరిపోయి ఉంటాయమ్మా."

"ఎండా? వారం నుంచి వాన. నా వీపు మీద నాచు పట్టింది చూడు."

"అయితే వానకు రాలిపోయి ఉంటాయి," అన్నాడు కొంగ, కళ్లు తెరవకుండానే.

రెండో కోతకు సింగారమ్మ ఒక్క పండూ రాలనివ్వలేదు. గెలల మీద ఆకులు కప్పి, తెల్లారేసరికి గేటు దగ్గర ఉంది. ఎర్ర అంకెలు ఎనభై ఆరు చూపించాయి.

ఆమె నేరుగా రాజుగారి దగ్గరికి వెళ్లింది. రాజుగారు తూనికల అధికారిని పంపించారు. అతను ఒక కోతి. రాజముద్ర వేసిన క్వింటాలు రాయిని పలక మీద పెట్టించాడు. అంకెల్లో సరిగ్గా ఒక క్వింటాలు వచ్చింది.

"కాటా సత్యం పలికింది. ఈ రాజ్యంలో సత్యమే గెలుస్తుంది," అని గాజు గదికి ఒక కాగితం అంటించాడు. మిల్లులో భోంచేసి వెళ్లిపోయాడు.

సింగారమ్మ ఇంటిదారి పట్టింది. దారిలో ఒంటినిండా పొలుసులున్న అలుగు ఒకడు ఎదురొచ్చాడు. పేరు బుడ్డయ్య. గోతులు తవ్వడం అతని పని.

"అక్కా, నీ చెట్లు తక్కువ కాయలేదు," అన్నాడు. "నాలుగేళ్ల కిందటి దాకా ఆ కాటా గుంట ఎత్తిపోసింది నేనే. వాన పడ్డప్పుడల్లా బురద కొట్టుకొచ్చి పలక కింద చేరుతుంది. తీయకపోతే గట్టిపడి ఏటేటా పెరుగుతుంది. ఓసారి తీయకముందు ఒక లారీని తూచి, తీశాక మళ్లీ తూచి, తేడా దొరకు చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నాడు."

"మరి రాయిని సరిగ్గానే తూచిందిగా?"

"రాయికి పలక కుంగదక్కా. ఖాళీ లారీకీ అంతగా కుంగదు. నిండు లారీ ఎక్కితే కుంగి బురద మీద కూర్చుంటుంది. అప్పుడు నీ బరువులో కొంత కాటా మోయదు, నేల మోస్తుంది. నేల మోసింది అంకెల్లోకి రాదు."

"ఇది నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదా తమ్ముడూ?"

బుడ్డయ్య ఉండలా ముడుచుకున్నాడు. "భయం," అంది ఆ ఉండ.

మూడో కోత రోజు రాజుగారే గేటు దగ్గరికి వచ్చారు. తోట చేతులు మారేటప్పుడు ఆయన రావడం ఆనవాయితీ. దండలు సిద్ధంగా ఉన్నాయి. నిండు లారీ తూగింది, ఖాళీ లారీ తూగింది.

"ఎనభై నాలుగు," అన్నాడు ధవళయ్య.

"పాపం, మూడు అవకాశాలిచ్చాం," అన్నాడు దొర.

"మహారాజా, నా గెలలు ఇంకా ఇక్కడే ఉన్నాయి," అంది సింగారమ్మ. "అవే గెలలను సగం సగంగా తూయించండి. అప్పుడూ తగ్గితే నా తోటతో పాటు నన్నూ తీసుకోండి."

"రెండుసార్లు తూచే రూలు లేదు," అన్నాడు కొంగ.

కూలీలంతా చూస్తున్నారు. అందరి ముందూ కాదంటే బాగుండదని రాజుగారు తలూపారు. జింకలు, పందులు సగం గెలలు ఎత్తాయి. యాభై రెండు. మిగతా సగం ఎత్తాయి. యాభై మూడు.



"తడిసి బరువెక్కి ఉంటాయి," అన్నాడు దొర.

"ఈ పూట చినుకు పడలేదు దొరా," అంది ఒక ముసలి జింక.

అప్పుడు కూలీల వెనక ముడుచుకుని ఉన్న బుడ్డయ్య ముందుకొచ్చి పలక కిందికి దూరాడు. నాలుగేళ్ల బురద గడ్డలు గడ్డలుగా బయటికొచ్చి రాజుగారి కాళ్ల దగ్గర పడింది. గెలలన్నీ ఒకేసారి లారీకెత్తి మళ్లీ తూచారు. ఈసారి నూట అయిదు.

రాజుగారు గొంతు సవరించుకున్నారు. సింగారమ్మ తోట సింగారమ్మదే అన్నారు. బుడ్డయ్యకు శాలువా కప్పారు. గుంట శుభ్రంగా ఉంచుకోమని దొరకు సలహా ఇచ్చారు.

"మా తోటల మాటేమిటి మహారాజా?" అంది ముసలి జింక.

"గడిచిన తూకాలను మళ్లీ ఎలా తూస్తాం తల్లీ? ఆ గెలలు ఎప్పుడో నూనె అయిపోయాయి," అని రాజుగారు పల్లకి ఎక్కారు. తెచ్చిన దండలు వృథా కాకుండా దొర మెడలో వేశారు.

మిల్లు సైరన్ మోగింది. పన్నెండు కుటుంబాలూ కదల్లేదు.

"పనిలోకి రండి," అన్నాడు ధవళయ్య. మొదటిసారి అతని కళ్లు తెరుచుకున్నాయి.

"వస్తాం. ప్రతి వాన తర్వాతా బుడ్డయ్య కిందికి దిగి చూడాలి. ఆ గుంట మాకు చూపించాలి. అప్పటిదాకా ఏ లారీలోంచీ ఒక్క గెల దించం," అంది జింక.

లోపల బాయిలర్లు మండుతున్నాయి, గేటు బయట గెలలు పులుస్తున్నాయి. సాయంత్రానికి దొర ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ అడవిలో తూకం వల్ల ఏ తోటా పోలేదు. పోయిన పన్నెండు తోటలు మాత్రం ఈ రోజుకీ మిల్లువే.

నీతి: కాటా కిందికి దిగి చూసే హక్కు బరువు మోసేవాళ్ల చేతిలో ఉండాలి, ఆ హక్కు ఆలస్యంగా అందితే న్యాయం కూడా తక్కువే తూగుతుంది.