సన్యాసిరావు డబ్బా భోజనం

కల్యాణ ఘట్టం దాకా బాగానే నడిచింది. యుద్ధఘట్టం వచ్చేసరికి సన్యాసిరావుకి ఊపిరి అందలేదు.

బొబ్బిలి దగ్గర ఒక ఊళ్ళో హరికథ. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, మెళ్ళో పూలదండ. మృదంగం వేగం అందుకుంది. అక్కడ పాడుతూనే అడుగు వెయ్యాలి, అడుగు వేస్తూనే తరవాతి మాట అందుకోవాలి. సన్యాసిరావు నోరు తెరిచాడు. మాట రాలేదు, గాలి వచ్చింది. ఫిడేలు వాయించే ఆయన ఆ చరణాన్ని తన కమానుతోనే లాక్కొచ్చి ఒడ్డున పడేశాడు. జనం గమనించలేదులే అనుకుని సన్యాసిరావు తల తిప్పేసరికి, ముందు వరసలో ఎవరో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని లేచి నిలబడి ఉన్నారు.

సన్యాసిరావు విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారు. గంభీరమైన గొంతు, దానికి తగ్గ శరీరం. గొంతు ఎప్పుడూ ఒకేలా ఉండేది. శరీరం మాత్రం ఏటికేడూ పెరుగుతూ వచ్చింది. తన గజ్జెలు తాను వంగి కట్టుకోలేక ఎవరో ఒకరి చేత కట్టించుకునే స్థితికి వచ్చాడు.

అతని గురువు సువర్ణాంబ గారు. పెద్ద భాగవతారిణి. పార్వతీపురంలో చైత్రమాసపు ఉత్సవాల్లో మొదటి కథ ఎప్పుడూ ఆవిడదే. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. ఆ కథ శిష్యుల్లో ఎవరికో ఒకరికి అప్పగించాలి. సన్యాసిరావుకే ఇస్తారని అందరూ అనుకున్నారు, బొబ్బిలి కథ దాకా.

ఆ సంగతి ఆవిడ చెవిన పడింది. సన్యాసిరావు వెళ్ళి తలదించుకుని నిలబడ్డాడు.

"గొంతుంది. జ్ఞాపకం ఉంది. ఊపిరి లేదు," అన్నారావిడ. "అది తెచ్చుకుని రా."

"ఎక్కణ్ణించి తెచ్చుకోనమ్మగారూ?"

ఆవిడ అతని పొట్ట వైపు చూసి నవ్వారు. "దాన్నే అడుగు."

ఆ వారంలోనే ఫోన్లో ఒక ప్రకటన కనబడింది. బరువు తగ్గాలనుకునేవాళ్ళకి విశాఖపట్నం నుంచి వారానికోసారి భోజనం డబ్బాలు పంపిస్తారు. పొద్దున్నకి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి. ఫ్రిజ్‌లో పెట్టుకుని, వేడి చేసుకుని తినడమే. "మీరేమీ ఆలోచించక్కర్లేదు. మూత తీయండి, తినండి" అని రాసి ఉంది.

ఆ మాట సన్యాసిరావుకి అమృతంలా తోచింది. పొద్దున్న లేచింది మొదలు తిండి గురించి ఆలోచించి ఆలోచించి అలిసిపోయిన మనిషి అతను.

"ఇంట్లో వండిందే తగ్గించి తింటే సరిపోదేటండీ?" అంది భార్య నూకరత్నం.

"ఆ తగ్గించడమే కదా నాకు చేతకానిది," అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదని ఆవిడకీ తెలుసు.

డబ్బాలు వచ్చాయి. మొదట్లో రాత్రిళ్ళు కడుపు కాలేది. తరవాత అలవాటైంది. బెల్టు ఒక చిల్లు లోపలికి జరిగింది, ఆ తరవాత చిల్లులు చాలక మేకుతో కొత్తవి పొడుచుకోవాల్సి వచ్చింది. చొక్కాలు దర్జీ దగ్గరికి వెళ్ళి చిన్నవై వచ్చాయి. ఒకరోజు ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చుని, వంగి, తన గజ్జెలు తానే కట్టుకున్నాడు. కట్టుకుని, లేచి, ఊరికే వీధి గుమ్మం దాకా ఘల్లుఘల్లుమని నడిచి వచ్చాడు. నూకరత్నం వంటింట్లోంచి చూసి కళ్ళు తుడుచుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది.

స్టాఫ్ రూములో ఎవరు క్యారేజీ విప్పినా సన్యాసిరావు తల అడ్డంగా ఊపేవాడు. "మీరు తింటున్నది ఎంతో మీకు తెలుసాండీ? నా డబ్బా మీద అంతా అచ్చేసి ఉంటుంది. గ్రాము అటూ ఇటూ అవదు." బావమరిది గృహప్రవేశానికి డబ్బా పట్టుకెళ్ళాడు. పంక్తిలో అందరి ముందూ అరిటాకులు, ఇతని ముందు ఆకు మీద ప్లాస్టిక్ డబ్బా. అందరూ అతన్నే చూశారు. అలా చూడటం అతనికి బాగుంది.

"డబ్బాలు ఆపేస్తే మళ్ళీ వచ్చేస్తుందంటారు కదా బావా?" అని బావమరిది అడిగాడు.

"ఆపడం ఎందుకు?" అన్నాడు సన్యాసిరావు.

ఒక ఆదివారం గురువుగారింటికి బయల్దేరాడు. ఇస్త్రీ చేసిన కొత్త కొలత చొక్కా తొడుక్కున్నాడు. సంచిలో మధ్యాహ్నం డబ్బా పెట్టుకున్నాడు.

సువర్ణాంబ గారు అతన్ని కిందనించి పైదాకా చూశారు. వెనక్కి తిరగమని చేత్తో సైగ చేశారు. తిరిగాడు.

"బాగుంది నాయనా. నిజంగా బాగుంది," అన్నారు.

ఆ మాటకి సన్యాసిరావు ఛాతీ విచ్చుకుంది. డబ్బా తీసి ఆవిడకి చూపించాడు. ఏ రోజు ఏది వస్తుందో, మూత మీద ఏం రాసి ఉంటుందో, స్టాఫ్ రూములో ఎవరు ఏమన్నారో వరసగా చెప్పుకొచ్చాడు. చివరికి అడగాలనుకున్నది అడిగాడు.

"అందరూ ఇది దండగ అంటున్నారమ్మగారూ. మీరే చెప్పండి. ఇది దండగా?"

ఆవిడ శృతిపెట్టె మీట నొక్కారు. "ఏదీ, ఆ యుద్ధఘట్టం అందుకో."

సన్యాసిరావు నిలబడి పాడాడు. అడుగు వేస్తూ పాడాడు. బొబ్బిలిలో ఎక్కడ తెగిందో ఆ చరణం దగ్గరికి వచ్చాడు, దాటాడు. ఊపిరి ఇంకా మిగిలే ఉంది. సరిగ్గా అప్పుడు ఆవిడ చెయ్యి చాచి శృతిపెట్టె కట్టేశారు.

అతను ఆగలేదు. చరణం, దాని మీద ఇంకో చరణం, ముగింపు దరువు, అన్నీ పాడాడు. ఆవిడ మళ్ళీ మీట నొక్కారు. శృతి అతని గొంతు దగ్గరికే వచ్చి నిలబడింది. వెంట్రుక వాసి తేడా లేదు.

"చేరిన కొత్తల్లో నేనిలా కట్టేస్తే ఏమయ్యేది?" అని అడిగారు.

"ఎటో వెళ్ళిపోయేవాణ్ణమ్మగారూ. మీరు తిట్టేవారు," అన్నాడు నవ్వుతూ.

"ఊఁ. రా, భోంచేద్దాం."

రెండు ఆకులు వేశారు. సన్యాసిరావు తన ఆకు మీద డబ్బా పెట్టుకుని మూత తియ్యబోయాడు. ఆవిడ ఆ డబ్బాని మెల్లిగా తీసి కిటికీలో పెట్టారు. అన్నం గిన్నె, గరిటె అతని ముందుకి జరిపారు.

"పెట్టె కట్టేశాను," అన్నారు. "ఇప్పుడు పాడు."

సన్యాసిరావు గరిటె పట్టుకున్నాడు. ఒక గరిటె వడ్డించుకున్నాడు. ఎక్కువేమో అనిపించి సగం తిరిగి గిన్నెలో వేశాడు. మరీ తక్కువేమో అనిపించి మళ్ళీ కొంచెం తీసుకున్నాడు. గురువుగారి ఆకు వైపు దొంగచూపు చూశాడు. అది ఆవిడ కొలత, తనకి పనికిరాదు. సొంత ఇంట్లో దారి తప్పినవాడిలా ఉంది అతని పరిస్థితి.

కూర కలుపుకుని తిన్నాడు. ఆవపెట్టిన పనసపొట్టు. ఎన్నాళ్ళయిందో. ఇంకొంచెం వేసుకున్నాడు. పప్పుకి కొంచెం, చారుకి కొంచెం. ఎప్పుడో తల ఎత్తి చూసేసరికి గిన్నె అడుగు కనబడుతోంది. గురువుగారు ఎప్పుడో తినడం ముగించి, అతని కోసం ఆకు ముందు అలాగే కూర్చుని ఉన్నారు.

అతని ముఖం ఎర్రబడింది.

"ఎక్కడ ఆగాలో తెలిసిందా?" అని అడిగారు. ఆ గొంతులో ఎగతాళి లేదు.

"లేదమ్మగారూ."

"మరి ఇన్నాళ్ళూ ఎలా ఆగావు?"

సన్యాసిరావు కిటికీ వైపు చూశాడు. "డబ్బా అయిపోయేది," అన్నాడు.

ఆవిడ తల ఊపారు.

చేతులు కడుక్కుని వచ్చాక అడిగాడు. "అయితే మానెయ్యమంటారా?"

"నేనన్నానా? గజ్జె కట్టుకునే నడుమునిచ్చింది నీకు. దాన్ని ఎవరి దగ్గరా తిట్టకు." ఆవిడ కిటికీలోంచి డబ్బా తీసి అతని సంచిలో పెట్టారు. "ఆదివారాలు మాత్రం ఇక్కడ తిను."

అలా ఆదివారాలు మొదలయ్యాయి.

ఆవిడ ఏమీ బోధించలేదు. ఇంత తినమని చెప్పలేదు, ఇంత వద్దని చెప్పలేదు. అతను వడ్డించుకున్నది తిన్నాక, ఒక పద్యం ఎత్తుకుని నింపాదిగా చివరిదాకా పాడేవారు. అయ్యాక "ఇంకా కావాలా?" అని అడిగేవారు. కావాలంటే "సరే" అనేవారు. వద్దంటే కూడా "సరే" అనేవారు. రెండు సరేలకీ తేడా ఏమైనా ఉందా అని సన్యాసిరావు చెవులు రిక్కించి వినేవాడు. ఉండేది కాదు.

కొన్ని ఆదివారాలు ఆకలితో లేచాడు. కొన్ని ఆదివారాలు ఆయాసంతో లేచాడు. వారం మధ్యలో ఒకపూట డబ్బా మాని నూకరత్నం వండినది తినడం మొదలుపెట్టాడు, తరవాత రెండు పూటలు. భార్య గరిటె అతని చేతికే ఇచ్చేది.

బరువు కొంత వెనక్కి వచ్చింది. దర్జీ చిన్నవి చేసిన చొక్కాలు చంకల్లో పట్టాయి. ఇంతకుముందు అతని ఉపన్యాసాలు విన్న లెక్కల మాస్టారు ఒకరోజు క్యారేజీ విప్పుతూ అడిగాడు. "ఏం మాస్టారూ, గ్రాములు అటూ ఇటూ అవుతున్నాయా?"

స్టాఫ్ రూము అంతా నవ్వింది. సన్యాసిరావు కూడా నవ్వాడు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే ఫోన్ చేసి మూడు పూటలా డబ్బాలు తెప్పించుకున్నాడు. ఆదివారం వెళ్ళి ఆ సంగతి తప్పు చేసినవాడిలా చెప్పాడు.

"సరే," అన్నారు సువర్ణాంబ గారు. ఆకు వేశారు.

ఆ 'సరే' కూడా పాత సరేల్లాంటిదే. సన్యాసిరావు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి చాలాసేపు విన్నాడు. ఆ విడత డబ్బాలు అయిపోయాక మళ్ళీ గరిటె పట్టుకున్నాడు. ఈసారి కంగారు పడలేదు.

ఎప్పుడు కుదిరిందో అతనికే తెలియదు. చొక్కాలు ఇంకా బిగుసుకోవడం మానేశాయి. డబ్బాల రోజుల్లో ఉన్నంత సన్నగా అతను మళ్ళీ ఎప్పుడూ అవలేదు. గజ్జెలు మాత్రం తనే కట్టుకుంటున్నాడు. పొద్దున్నే చిరతలు పట్టుకుని పెరట్లో అడుగులు వేస్తుంటే, యుద్ధఘట్టం అయ్యాక కూడా మాట్లాడేంత ఊపిరి ఉంటోంది. స్టాఫ్ రూములో ఎవరి క్యారేజీలోకీ తొంగి చూడటం లేదు.

ఫాల్గుణమాసం చివర్లో సువర్ణాంబ గారు కబురు పెట్టారు. "మొదటి కథ నువ్వు చెబుతున్నావు. నేను కింద కూర్చుని వింటాను."

పార్వతీపురంలో పొద్దుటి పూట కథ. పందిరి నిండిపోయింది. సువర్ణాంబ గారు ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. సన్యాసిరావు ఆవిడకి నమస్కారం చేసి చిరతలు కదిపాడు.

యుద్ధఘట్టంలో మృదంగం పరిగెత్తింది. సన్యాసిరావు దానికంటే ఒక అడుగు ముందే ఉన్నాడు. చరణం మీద చరణం, దరువు మీద దరువు. ఫిడేలాయన సాయానికి రావాల్సిన అవసరం పడలేదు. హాయిగా నవ్వుతూ వాయించాడు. మంగళహారతి అయ్యేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సన్యాసిరావు వచ్చి గురువుగారి పాదాలకి మొక్కాడు. ఆవిడ తల మీద చెయ్యి వేశారు. ఒక్క మాట అంటారేమోనని అతను కాసేపు అక్కడే నిలబడ్డాడు. "ఆకులేశారు, పద" అన్నారంతే.

భోజనాల పంక్తిలో ఆవిడ ఎదురుగా అతనికి చోటు దొరికింది. ఉత్సవాలు చూసుకునే గుంపస్వామి నాయుడుగారు స్వయంగా వడ్డనకి దిగారు. మాటల్లో, మెచ్చుకోళ్ళలో భోజనం సాగింది. చివరికి నాయుడుగారు బూరెల బుట్టతో వచ్చారు. వెనక ఒకాయన నేతి గిన్నె పట్టుకుని ఉన్నాడు. సన్యాసిరావుకి బూరెలంటే ఎంత ఇష్టమో ఆ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. అప్పటికే తన వాటా తిన్నాడు కూడా.

"ఇంకో రెండు మాస్టారూ. మీకోసమే వేడివి తెప్పించాను," అంటూ నాయుడుగారు వంగారు.

సన్యాసిరావు పక్కనున్న ఫిడేలాయనతో ఏదో చెబుతున్నాడు. ఆ మాట ఆపకుండానే అతని ఎడమచెయ్యి లేచి ఆకు మీద అడ్డంగా నిలబడింది.

"చాలండి," అన్నాడు. అని, మళ్ళీ మాటల్లో పడిపోయాడు.

నాయుడుగారు బుట్టతో సువర్ణాంబ గారి వైపు తిరిగారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఎంత బాగా చెప్పాడమ్మా మీ శిష్యుడు! యుద్ధఘట్టంలో ఎక్కడైనా ఆగాడేటి? మీ పేరు నిలబెట్టేశాడు."

ఆవిడ ఎదుటి ఆకు మీంచి చూపు తిప్పలేదు.

"కథ సరే నాయుడుగారూ. ఆ చెయ్యి చూశారా?"

నాయుడుగారికి అర్థం కాలేదు. బుట్ట వైపు చూశారు, పంక్తి వైపు చూశారు. "ఏ చెయ్యమ్మా?"

"అదిగో," అన్నారు సువర్ణాంబ గారు, తల కొంచెం పైకెత్తి. "నా శిష్యుడిది."