శిబిరం తేదీలు

నీలాద్రిరావు గారు ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. ఊపిరితిత్తుల జబ్బుల గురించి ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పటికీ ఆదివారం ఉదయం ఆయన శిష్యులం నలుగురైదుగురం ఆయన వరండాలో చేరతాం. ఎవరేమడిగినా ముందు కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుస్తారు. ఆ తుడవడం ఎక్కువసేపు సాగిందంటే ఏదో పాత సంగతి బయటికి రాబోతోందని మాకు తెలుసు.

ఆ వారం హైమ ఒక కాగితం పట్టుకొచ్చింది. మా అందరిలోకీ చిన్నది, ఈ మధ్యనే పెద్ద పరీక్ష ప్యాసైంది. ఒక మందుల కంపెనీ, ఆరోగ్యశాఖ, ఒక ధర్మసంస్థ ముగ్గురూ కలిసి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉచిత శ్వాస శిబిరాలు పెడుతున్నారట. వాటికి ఈ పిల్లే పెద్ద డాక్టరు. కారు కూడా ఇస్తారట. కంపెనీ వాళ్లకి ఊరికే ఎందుకంత జాలి అని నేను నోరు జారాను. ఆమెకు కోపం వచ్చింది. నన్ను వదిలేసి, కాగితం గురువుగారి ముందు పెట్టి ఆయన్నే అడిగింది.

"డబ్బు కంపెనీది, అనుమతి ప్రభుత్వానిది, వైద్యం మనది. జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. అందరూ కలిసి ఒక మంచిపని చేస్తే తప్పేముంది సార్?"

కళ్లజోడు తుడవడం మొదలైంది. చాలాసేపు సాగింది.

"ముప్పై నాలుగో ఏట నేనూ ఇలాంటి శిబిరాలకే వెళ్లానమ్మా," అంటూ ఆయన చెప్పిన సంగతి ఇది.

తాటిగెడ్డ అనే ఊరిని ఆనుకుని మందుల పొడి తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. నాలుగు పొగగొట్టాలు. ఊరి మగవాళ్లలో సగంమందికి అక్కడే పని. పిల్లలకు ఆయాసం ఎక్కువగా ఉందని ఎవరో అర్జీ పెట్టుకున్నారు. ప్రభుత్వం శిబిరం పెట్టమంది, ఫ్యాక్టరీ షామియానా వేయించింది, పెద్దాసుపత్రి నీలాద్రిరావు గారిని పంపింది. రెండు నెలలకోసారి, వారం ముందే దండోరా వేయించి మరీ జరిపేవారు. వచ్చినవాళ్లకు పులిహోర పొట్లాలు కూడా పంచేవారు. పిల్లల చేత ఊపిరి కొలిచే మీటరు ఊదించి, ముల్లు ఎంతవరకు పోయిందో రాసుకోవడం ఆయన పని.

గౌరమ్మ అనే ముసలావిడ మనవరాలిని తీసుకొచ్చింది. ఆరేళ్ల పిల్ల, పేరు ముత్యాలు. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉంటుందని చెప్పింది. పిల్ల ఊదితే ముల్లు నూట యాభై దగ్గరికి పోయింది. ఆ వయసుకి అది బాగున్నట్టే లెక్క. ముసలమ్మ బెంగకొద్దీ ఎక్కువ చేసి చెబుతోందనుకుని మాత్రలిచ్చి పంపారు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. 'ఈ ఊళ్లో ఆయాసం అనుకున్నంత లేదు' అని నివేదిక రాశారు. ఆ ఒక్క వాక్యం ఎంతమందికి అక్కరకొచ్చిందో చెప్పలేను. ప్రభుత్వం అర్జీ మూసేసింది. ఆసుపత్రికి ప్రశంసాపత్రం వచ్చింది. ఫ్యాక్టరీకి ఐదో గొట్టం కట్టుకోవడానికి అనుమతి దొరికింది. నా గురువు కదా అని దాచడమెందుకు, ఆయనకూ ఒక శాలువా కప్పారు.

శిబిరాలు మాత్రం ఆగలేదు. నాలుగో శిబిరంలో గౌరమ్మ మాత్రలు వద్దంది.

"మాత్తర్లు అటక మీద అలాగే ఉన్నాయి బాబూ. మీరు రోజూ రండి, అదే సాలు."

"నేను రోజూ వచ్చి ఏం చెయ్యను?"

"మీరేటీ సెయ్యక్కర్లేదు. మీరొచ్చినరోజు ఆ మూడో గొట్టం ఆపెత్తారు. ఆ రోజు మా ముత్యాలు ఈదిలో పరిగెడతాది. మర్నాడు మల్లీ మంచమే."

"ఆపేస్తారని నీకెవరు చెప్పారు?"

"ఒకరు సెప్పాలా? ఆపేది మా సన్నిబాబే."

సన్నిబాబు, పిల్ల తండ్రి, అక్కడే కంపెనీ టోపీ పెట్టుకుని అందరికీ మంచినీళ్లు అందిస్తున్నాడు. తల్లి మాట విని చేతిలో గ్లాసులు కింద పెట్టి, తల దించుకున్నాడు. వరసలో నిలబడ్డ పొరుగాయన మాత్రం ముసలమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నోరు మూసుకో అప్పా! ఆ ప్యాక్టరీ మూసేత్తే మా ఇంటిల్లిపాదికీ కూడు నువ్వెడతావా?" ఎవరూ అతన్ని వారించలేదు. నీలాద్రిరావు గారు తలెత్తి చూశారు. మూడు గొట్టాల్లోంచే పొగ వస్తోంది. అంతకుముందు మూడుసార్లు అదే షామియానా కింద కూర్చుని ఒక్కసారీ తలెత్తలేదని ఆయనే చెప్పారు.

పన్నెండు రోజులు పోయాక ఎవరికీ చెప్పకుండా మీటరు పట్టుకుని బస్సెక్కి వెళ్లారు. బస్సు దిగుతూనే కళ్లు మండాయి. ముత్యాలు మంచం పట్టె మీద రెండు చేతులూ ఆన్చి, భుజాలెగరేస్తూ ఊపిరి లాగుతోంది. ఊదమంటే ముల్లు అరవై దాటలేదు. తనతో పాటే ఆసుపత్రికి తీసుకుపోయారు. నాలుగు రోజుల్లో పిల్ల లేచి ఆడుకుంది. ఐదో రోజు ఇంటికి పంపారు. ఇల్లు ఆ ఊళ్లోనే ఉంది, అన్నం ఆ ఫ్యాక్టరీలోనే ఉంది, ఇంకెక్కడికి పంపుతారు?

అరవై అంకె వేసి పైకి రాశారు. శిబిరం రోజున కాకుండా తీసిన కొలతలు పరిగణనలోకి రావని జవాబు వచ్చింది. తర్వాతి శిబిరానికి వేరే డాక్టరు వెళ్లాడు. ఈయనకు దూరంగా ఇంకో ఊరికి బదిలీ అయింది.

"వెళ్లనని అనలేదమ్మా. పెట్టె సర్దుకుని వెళ్లిపోయాను," అన్నారు. ఆయన సిగ్గుపడుతుంటే చూడడం మాకు కష్టమైంది.

హైమ అడిగింది.

"ఆ పిల్ల ఏమైంది సార్?"

"శిబిరం లేని రోజున పోయింది."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, హైమ తెచ్చిన కాగితాన్ని వెనక్కి తిప్పి ఆమె చేతికిచ్చారు.

"ఏడాది పొడుగునా నువ్వు ఏ ఊరికి ఏ రోజు వెళ్లాలో ముందే అచ్చు వేశారు, చూశావా?"